మనుష్య పరీక్ష
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఏ ఊరనైనను పదుగురు కలిసి చేయవలసిన పని యొకటి తలపెట్టినపుడు మొదట ధనమును గూర్చిన ప్రశ్న పుట్టును; పిమ్మట మనుష్యులను గూర్చిన ప్రశ్న పుట్టును. మొదటి దానికి సమాధానము చందాల పుస్తకమున దొరకును. రెండవదానికి సాధారణముగ ఎవ్వరును సమాధానము వెదకరు. వరుసకు బావయగునా, ఒకే పేటవాడా, మొన్నటి ఎన్నికలలో ఏ పక్షమున నిలిచెను అని చూచి పేర్లు వ్రాసికొందురు. ఆరు నెలలు గడచునప్పటికి పని చెడును. వెంటనే ఆ మనిషి పనికిమాలినవాడని ఊరెల్ల తీర్మానించును. అతడు నిజముగ పనికిమాలినవాడా, లేక తన స్వభావమునకు సరిపడని చోట కూర్చుండబెట్టబడిన మంచివాడా అను విచారణ జరుగదు. ఒక పెద్దమనిషి పరువు పోవును. ఒక సంస్థ తలుపులు మూతపడును. మరల ఆ ఊర అట్టి పని తలపెట్టుటకు ఇంకొక తరము పుట్టవలసి వచ్చును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసిన పిదప తెలుగు పల్లెలలో గ్రంథాలయములు ఎన్నియో పుట్టినవి. వానిలో నిలిచినవి కొన్నియే. ఆగిపోయినవానికి డబ్బు చాలక పోవుట ఒక కారణమై యుండవచ్చును గాని, మనుష్యులు కుదరక పోవుట అంతకంటె చిన్న కారణము కాదు.

ఈ విచారణను మన పూర్వులు చాల లోతుగ చేసియున్నారు. అందు కౌటిల్యుని అర్థశాస్త్రము మొదట చెప్పదగినది. ఆ గ్రంథము శతాబ్దములపాటు పేరుకు మాత్రమే మిగిలి, ఇతర గ్రంథములలోని ప్రస్తావనలవలననే పండితులకు తెలిసియుండెను. తంజావూరు ప్రాంతపు పండితు డొకడు తన యొద్దనున్న తాటాకుల కట్టను మైసూరులోని ప్రాచ్య గ్రంథాలయమునకు అప్పగించెను. అచట పనిచేయుచుండిన రుద్రపట్నం శామశాస్త్రిగారు దానిని గుర్తించి 1905 మొదలుకొని లోకమునకు తెలియజేసి, 1909లో మూలమును అచ్చు వేయించిరి. ఒక గ్రంథాలయమున ఒక కట్ట భద్రముగ నుండుటచేత ఒక శాస్త్రమే మరల బ్రదికినది. ఇది చంద్రగుప్త మౌర్యుని మంత్రియగు చాణక్యుని రచనయని సంప్రదాయము. క్రీస్తు శకారంభమునకు అటునిటుగ కూర్పబడినదని నేటి పరిశోధకులలో పలువురి మతము. కాలమేదైనను అందలి మనుష్యులు మాత్రము నేటివారే. తెలుగు కవులును ఈ విద్యను ఉపేక్షింపలేదు. మడికి సింగన సకలనీతిసమ్మతమున పూర్వ నీతిగ్రంథముల పద్యములను ఏర్చి కూర్చెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో యామునాచార్యుని నోట రాజనీతిని విస్తరముగ చెప్పించెను. కాని మనిషిని పనికి ఎట్లు ఎన్నుకొనవలెనను చర్చ అర్థశాస్త్రమున ఉన్నంత సూటిగ మరియొక చోట కానరాదు.

రాజు అమాత్యులను, అనగా అధికారులను, ఎవరినుండి ఏరుకొనవలెనని ప్రశ్న. కౌటిల్యుడు వెంటనే తన మాట చెప్పడు. రచ్చబండ యొద్ద పెద్దలు వాదులాడుకొన్నట్లు, పూర్వాచార్యులను ఒకరి తరువాత ఒకరిని మాటాడనిచ్చును. భరద్వాజుని మతమున తనతో చదివికొన్నవారే మేలు; వారి శుచిత్వమును శక్తియు కన్నులార చూచినవే గదా! విశాలాక్షుడు ఒప్పుకొనలేదు. కలిసి ఆడుకొన్నవాడు రాజైనను వానికి లోకువయే. కావున రాజునకున్నట్టి గుట్టే తమకును ఉన్నవారిని తీసికొనవలెను, తమ మర్మము బయటపడునను భయమున వారు తప్పు చేయరు అని యతని వాదము. గుట్టు ఇరువైపుల ఉండునే యని పరాశరుడు ప్రశ్నించెను. అప్పుడు రాజే వారికి జడిసి వారు చేసినదానికెల్ల తలయూపును. ప్రాణాపాయ సమయమున ఆదుకొన్నవారే ఆప్తులు. అది భక్తి యగును గాని బుద్ధి కాదని పిశునుడు త్రోసివేసెను. ఇంత రాబడి తెమ్మని లెక్క కట్టి పంపినపుడు అంతయు తెచ్చినవాడు, లేదా అంతకు మించి తెచ్చినవాడు పనివాడని యతని కొలత.

ఇక్కడ కౌణపదంతుడు లేచి, లెక్క తెచ్చినంత మాత్రాన మిగిలిన గుణములు వచ్చునా, తండ్రి తాతలనుండి ఆ పని చేయుచున్న వంశమువారే తగినవారు, వారికి పూర్వపు నడవడి తెలియును, యజమాని కష్టపెట్టినను వదలిపోరు, పశువులు సైతము పరాయి మందను దాటి తమ మందలోనికే పోయి నిలుచును గదా యనెను. వాతవ్యాధి దీనిని ఖండించిన తీరు గమనింపదగినది. తరతరముల వారు క్రమముగ అంతయు తమ చేతిలోనికి తీసికొని తామే యజమానులైనట్లు మెలగుదురట. తెలుగుదేశమున ఈ వాదమునకు సాక్ష్యము వెదకబనిలేదు. కరణీకము, మునసబీ మొదలగు గ్రామోద్యోగములు వంశ పారంపర్యముగ సాగిన కాలమున, పొలము గట్టు ఏ ఏట ఎవరి పేర మారెనో కాగితము చూడకయే చెప్పగలిగిన కరణములును ఉండిరి. కౌణపదంతుడు వారిని చూచి సంతసించును. ఆ కాగితమును ఇనుప పెట్టెలో పెట్టుకొని ఊరిని ఆడించినవారును ఉండిరి. వాతవ్యాధి వారిని చూచి, చెప్పితిని గదా యనును. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ ఉద్యోగములను రద్దు చేసినపుడు ఊరూర ఈ రెండు వాదములును మరల వినబడినవి. వాదించినవారిలో పలువురకు అర్థశాస్త్రము పేరైనను తెలియకపోవచ్చును.

వాతవ్యాధి, నీతిశాస్త్రము నేర్చిన క్రొత్తవారిని తెమ్మనెను. క్రొత్తవాడు దండధరుడగు రాజును యమునిగ భావించి తప్పు చేయడట. బాహుదంతీపుత్రుడు దానికిని అడ్డు చెప్పెను. శాస్త్రము చదివి పని చూడనివాడు పనిలో దిగబడును. కులము, ప్రజ్ఞ, శుచిత్వము, శౌర్యము, స్వామిభక్తి కలవారిని గుణప్రాధాన్యమునుబట్టి గ్రహింపవలెను.

ఇందరి మాటలు విని కౌటిల్యుడు చెప్పిన తీర్పు చిన్నది. అందరును నిజమే చెప్పిరట. మనిషి సామర్థ్యము అతడు చేసిన పనివలననే తెలియునట. కావున చోటును, కాలమును, పనిని చూచి వీరిలో ఎవరినైనను అధికారులుగ నియమింపవచ్చును గాని, ఆలోచన చెప్పు మంత్రులుగ మాత్రము అందరిని పెట్టుకొనరాదు. ఈ చివరి మాటను తొందరపడి దాటిపోరాదు. పని చేయగలవాడు వేరు, ఆలోచన చెప్పగలవాడు వేరు. సభలో చక్కగ మాటాడినవానికి కోశాధికారి పదవి కట్టబెట్టుటయు, పైసకు పైస లెక్క చూపినవానిని తగవు తీర్చుటకు పంపుటయు ఈ భేదము తెలియకపోవుటవలననే జరుగుచున్నవి.

పనివలన తెలియునన్నచో, పని చెప్పకముందు తెలిసికొనుట యెట్లు? దీనికి గ్రంథము చెప్పిన మార్గము పల్లెటూరి కడుపులోనుండి వచ్చినట్లుండును. మనిషిని గూర్చి ఒక్కరినే అడుగరాదు. ఏ గుణమును ఎవరు చూడగలరో వారినే అడుగవలెను. పుట్టుపూర్వములును కట్టుబాటును ఆప్తులవలన తెలియును. విద్యలో నేర్పు అదే విద్య నేర్చినవారు చెప్పవలెను. వడ్రంగి పనితనమును వడ్రంగియే చెప్పవలెను గాని కుర్చీలో కూర్చున్నవాడు కాదు. తెలివియు జ్ఞాపకమును చురుకును పనిలో కనిపించును. మాట నేర్పును సమయస్ఫూర్తియు సంభాషణలో కనిపించును. ఉత్సాహమును కష్టమునోర్చు గుణమును ఆపద వచ్చిననాడు గాని తెలియవు. చేతి శుభ్రమును స్నేహమును ఇచ్చిపుచ్చుకొనుటలలో తెలియును. శీలమును, ఆరోగ్యమును, బిగుసుకొనిపోవు స్వభావము గాని చపలత్వము గాని లేకుండుటయు కూడ నివసించినవారికే తెలియును. ముఖాముఖి చూచినపుడు తెలియునది, అతడు ప్రియముగ మెలగునా, వైరము లేనివాడా యనునదియే! నేడు పట్టణములలో పది నిముషములు ఎదుట కూర్చుండబెట్టుకొని ఉద్యోగమిచ్చువారు ఈ లెక్క చొప్పున మనిషిలో ఎనిమిదవ వంతు మాత్రమే చూచుచున్నారని చెప్పవలెను. పల్లెలో ఈ సౌకర్యము పుట్టుకతోనే యున్నది. అప్పు తీసికొన్నవాడు, కూలికి వెళ్లినవాడు, వరదలో కలిసి గండి పూడ్చినవాడు, పొరుగింటి గోడవాడు, ఇందరును ఒకే బావి నీళ్లు త్రాగువారు. ఇంత తెలివి అందుబాటున నుండగా దానిని అడుగక, బావమరదియా కాదా అని మాత్రము అడుగుట మన దురదృష్టము.

ఇక కౌటిల్యుని ఉపధలు. ఉపధ యనగా మోసముతో కూడిన పరీక్ష. అవి నాలుగు. పురోహితుడు రాజుపై అలిగి వెడలినట్లు నటించి, ఈ రాజు అధార్మికుడు, వేరొకని నిలుపుదము అని గూఢచారులచేత ఒక్కొక్క అమాత్యునికి చెప్పించును. ఒప్పనివాడు ధర్మమున శుద్ధుడు. సేనాపతి పదవి పోయినట్లు నటించి ధనాశ చూపించును. లొంగనివాడు అర్థమున శుద్ధుడు. సన్న్యాసిని యొకతె అంతఃపురమునుండి వలపు కబురు తెచ్చినట్లు నటించును. చలింపనివాడు కామమున శుద్ధుడు. అందరిని ఒక నెపమున చెరలో పెట్టించి, రాజును చంపుదమని అచటనే ఒకనిచేత చెప్పించును. అప్పటికిని లొంగనివాడు భయమున శుద్ధుడు.

ఈ పరీక్షల పద్ధతి మెచ్చదగినది కాదు. కాని దాని వెనుకనున్న ఊహ అపూర్వము. నాలుగింట నెగ్గినవానిని మాత్రమే ఉంచుకొని తక్కినవారిని తరిమివేయుమని కౌటిల్యుడు చెప్పలేదు. ధర్మమున నిలిచినవానిని న్యాయస్థానములలోను, దుష్టులను శిక్షించు పనిలోను నియమింపుమనెను. ధనమునకు లొంగనివానిని పన్నులు కూర్చుటయందును, కోశమునందును ఉంచుమనెను. స్త్రీవిషయమున నిలిచినవానిని విహారస్థానముల రక్షణకును, భయమునకు వెరవనివానిని రాజు దాపున చేయు పనులకును చెప్పెను. నాలుగింట నిలిచినవాడు మంత్రి. అనగా, ధనము చూచి చలింపనివాడు ఒక్క గద్దింపునకు వణికిపోవచ్చును. ప్రాణమునకు తెగించినవాడు నాలుగు రూపాయల యొద్ద జారిపోవచ్చును. వీరిద్దరిలో ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు అని పేర్లు పెట్టుట కాలక్షేపమే. పెట్టె తాళము మొదటివానికిని, రాత్రి కాపలా రెండవవానికిని ఇచ్చినచో ఇద్దరును ఊరికి మేలు చేయుదురు. తాళమును కాపలాను తారుమారు చేసినచో ఇద్దరును దొంగలనిపించుకొందురు.

ఒక చోట మాత్రము కౌటిల్యునితో ఏకీభవించుట కష్టము. నాలుగింటను ఓడినవారిని గనులకును, అడవులకును, ఏనుగుల వనములకును, కర్మాగారములకును పంపుమని వ్రాసెను. రాజునకు దూరముగ నుందురు గనుక కీడు లేదని కాబోలు. అట్టి యధికారి క్రింద గనిలో పలుగు పట్టినవాని గతి యేమని గ్రంథము అడుగదు. కంటికి దూరముగ నున్న పనికి ఎవడైనను చాలునను ఈ అలవాటు నేటికిని పోలేదు.

అయినను తన పద్ధతిలోని ప్రమాదమును కౌటిల్యుడు స్వయముగ ఎరుగును. ఈ పరీక్షలలో రాజును గాని రాణిని గాని గురిగ పెట్టరాదని, చెడనివానిని చెరచుట మంచినీళ్లలో విషము కలుపుటవంటిదని, ఒకమారు చెదరిన మనసు మరల మొదటి స్థితికి రాకపోవచ్చునని హెచ్చరించెను. చిన్నపిల్లవానిని పరీక్షించుటకు అంగడిలో రూపాయి బిళ్ల పడవేసి చాటుననుండి చూచు యజమానులకు ఈ హెచ్చరిక తగియున్నది. ఆ నాణెము లేకున్న ఆ పిల్లవాడు ఆ తలపే లేక పెరిగియుండును.

పరీక్షలను గూర్చిన ఈ సందేహమే రామాయణ యుద్ధకాండమున మరియొక రూపమున వచ్చును. విభీషణుడు అన్నను విడిచి నలుగురు అనుచరులతో ఆకాశమున వచ్చి నిలిచినపుడు రాముడు అందరి అభిప్రాయమును అడిగెను. ఎవరి స్వభావమునుబట్టి వారు చెప్పిరి. సుగ్రీవుడు చంపుమనెను, అన్నతో వైరమున ఎంతో నష్టపడినవాడే, అన్నను విడిచినవానిని నమ్మలేకపోయెను. అంగదుడు గుణదోషములు తూచి చూడుమనెను. శరభుడు వేగులవానిని పంపుమనెను. వృద్ధుడగు జాంబవంతుడు, శత్రువు యొద్దనుండి రాదగని చోట, రాదగని వేళ వచ్చెను గనుక అనుమానింపవలెననెను. మైందుడు తీయని మాటలతో మెల్లమెల్లగ ప్రశ్నింపుమనెను. ఒక్కనిని చూచి ఐదుగురు ఐదు మాటలు చెప్పిరి. ఆ మాటలవలన విభీషణుడెట్టివాడో తెలియదు గాని ఆ ఐదుగురు ఎట్టివారో చక్కగ తెలియును.

హనుమంతుడు చివర మాటాడెను. పని చెప్పక సామర్థ్యము తెలియదు. వచ్చీ రాగానే పని చెప్పుటయు దోషమే. కన్నుల యెదుట నిలిచినవానిపై వేగేమిటి? తెలివిగలవానిని హఠాత్తుగ ప్రశ్నించినచో అతనికే అనుమానము పుట్టును. మేలు కోరి వచ్చిన మిత్రుడైనచో ఆ ప్రశ్నలతోనే చెడును. మాటాడుచున్నప్పుడు ఇతని ముఖమున కలత లేదు, గొంతున బెదురు లేదు. వాలిని చంపి సుగ్రీవునికి పట్టము కట్టితిరని విని, తనకును రాజ్యము కలుగునను ఆశతో వచ్చెను. వచ్చిన వేళయు చోటును సరియైనవే. ఇట్లు చెప్పెను. ఆశ యున్నదని దాచలేదు, ఆశ యున్నది గనుక త్రోయుమనియు చెప్పలేదు. మనిషికి తన లాభము కొంత ఉండవచ్చును. ఆ లాభమును మన పనియు ఒకే దారిని నడచునా యని చూచుట హనుమంతుని పరీక్ష. కౌటిల్యుని నాలుగు ఉపధలకంటె ఇది పల్లెటూరి సంఘములకు ఎక్కువ పనికివచ్చును. పైసా లాభము కోరని మనిషి దొరకువరకు ఆగినచో ఏ సంఘమును ఏర్పడదు.

అర్థశాస్త్రము రెండవ అధికరణమున లెక్కల శాలను గూర్చిన అధ్యాయము కలదు. రాబడి చెడగొట్టు అధికారులను అందు ఎనిమిది తెగలుగ విభజించెను. జమాఖర్చు వ్రాసిన ప్రతివాడును చదువవలసిన భాగమిది. పని నడచు తీరును ఆచారమును తెలియక పాడుచేయువాడు అజ్ఞాని. లేచి తిరుగు శ్రమకు ఓర్వనివాడు సోమరి. చూపు పాటలమీదను ఆటలమీదను ఉన్నవాడు ప్రమత్తుడు. నలుగురు కేకలు వేయుదురేమో, అధర్మమగునేమో, కీడు మూడునేమో అని జంకి పని చెరచువాడు భీరువు. పని కోరి వచ్చినవారిపై దయచేత చెరచువాడు ఒకడు. వారిని బాధించు బుద్ధిచేత చెరచువాడు ఒకడు. చదువో ధనమో పెద్దవారి అండయో చూచుకొని గర్వముచేత చెరచువాడు ఒకడు. తూనికలలో, కొలతలలో, కూడికలలో చేయి పెట్టి లోభముచేత చెరచువాడు కడపటివాడు.

ఈ పట్టికలో దొంగ ఒక్కడే! తక్కిన ఏడుగురు చేతికి మట్టి యంటనివారు. అయినను కోశమునకు వచ్చిన నష్టము నష్టమే. ఇంకొక చిత్రము: దయగలవాడు ఈ పట్టికలో కోపిష్ఠి ప్రక్కనే కూర్చుండియున్నాడు. గ్రంథాలయమున పుస్తకము లిచ్చువానిని తలచుకొన్నచో ఇది విశదమగును. అడిగినవానికెల్ల వ్రాత లేకయే పుస్తకమిచ్చి, తిరిగి అడుగుటకు మొగమాటపడువాడు ఊరికెల్ల ఇష్టుడు. రెండేండ్లలో బీరువాలో అట్టలు మాత్రము మిగులును. పుస్తకము పుట మడతపడెనని పిల్లలను గద్దించువాడు పుస్తకములను భద్రముగనే ఉంచును. చదువువారు మాత్రము రాకపోవుదురు. నష్టము ఇరువైపుల సమానమే, ఒక చోట పుస్తకములు పోయినవి, ఒక చోట పాఠకులు పోయిరి. మొదటివానిని బీరువా యొద్దనుండి లేపి, చందాలకును పిల్లలను పిలుచుకొని వచ్చుటకును పంపినచో అతని దయయే పెట్టుబడి యగును. ఎవ్వరును అతనిని కాదనలేరు. రెండవవానికి ఏటేట పుస్తకముల లెక్క సరిచూచి చిరిగినవి బాగుచేయించు పని యిచ్చినచో అతని కోపమునకు కాగితములు అడ్డు చెప్పవు. సోమరికిని గర్వికిని ఇట్టి సులభమైన మందు లేదు. అజ్ఞానికి మాత్రము ఉన్నది, నేర్పవలెను. నేర్పక తిట్టుట తిట్టినవాని సోమరితనము.

ఈ నష్టములకు దండుగ యెంతయన్నచో మనువు తెగవారు నష్టమునకు సమానముతో మొదలుపెట్టి దోషముల వరుసన పెంచుమనిరి. పరాశరులు అన్నింటికిని ఎనిమిది రెట్లనిరి. బృహస్పతి తెగవారు పది, శుక్రుని తెగవారు ఇరువది రెట్లనిరి. కౌటిల్యుడు అపరాధమెంతయో అంతయే యనెను. తెలియక చెరచినవానికిని తెలిసి తిన్నవానికిని ఒకటే శిక్ష వేయువాడు లెక్క వచ్చినవాడు కాడు.

నియమించిన పిమ్మట కూడ మనిషిని ఎల్లప్పుడు గమనించుచుండవలెనని తరువాత నొక అధ్యాయమున కలదు. మనుష్యుల చిత్తము నిలుకడలేనిదట. గుఱ్ఱములవలె పనిలో కట్టబడిన పిదప వికారము చెందునట. దొడ్డిలో సాధువుగ నున్న గుఱ్ఱమును బండికి కట్టినపుడు గాని దాని గుణము తెలియదను మాట బండి తోలినవారికి వివరింపనక్కరలేదు. పనివాండ్రు అందరును ఒకటైనచో కలిసి తినివేయుదురు. కలహించినచో పనిని పాడుచేయుదురు అనియు అచటనే చెప్పెను. నీటిలో తిరుగు చేప నీరు త్రాగునది లేనిది ఎట్లు తెలియదో, అధికారి ధనము తినునది లేనిది అట్లే తెలియదట. ఇంత చెప్పినవాడు మనుష్యులను ద్వేషించెనని కొందరందురు. అది సరికాదు. లెక్క సరిచూచుట అనుమానము కాదు. సరిచూడబడిన లెక్క కోశాధికారికి రక్షణ. ఏటేట పదుగురి యెదుట చదువబడిన జమాఖర్చుపై పుకారు పుట్టదు. సరిచూడమని అడుగుటకు మొగమాటపడిన సంఘమే తరువాత వెనుకనుండి గుసగుసలాడును.

ఎందరు కూర్చుండి ఆలోచింపవలెనను దానికిని అర్థశాస్త్రమున లెక్క కలదు. ఒక్కనితో ఆలోచించినచో చిక్కు విషయములలో నిర్ణయము తేలదు, ఆ యొక్కడును అడ్డులేక తన యిష్టము చొప్పున నడచును. ఇద్దరైనచో కలిసి యజమానిని పట్టుకొందురు, లేదా విడిపోయి పని చెరచుదురు. ముగ్గురు నలుగురైనచో పెద్ద దోషము అరుదు. అంతకు మించినచో నిర్ణయమునకు రావడము కష్టము, రహస్యము దక్కదు. ఇది మంతనము మాట. సలహా చెప్పు పరిషత్తు వేరు. దానికి కొందరు 12 మందిని, కొందరు 16 మందిని, కొందరు 20 మందిని చెప్పగా కౌటిల్యుడు పని భారమునుబట్టి యనెను. ఇంద్రుని పరిషత్తున వేయిమంది ఋషులు కలరట. అందుచేతనే రెండు కన్నుల దేవరను వేయికన్నులవాడనిరట. దూరముననున్నవాడు చూచినదానినే తన చూపుగ చేసికొన్నవాడు గనుక ఆ పేరు చెల్లినది.

అన్ని పరీక్షలకును అందక తప్పిపోవు మనిషి ఒకడు కలడు. అడిగినగాని మాటాడడు, పిలిచినగాని లేవడు. ఏ సభలో చూచినను స్తంభము ప్రక్కన కూర్చుండును. ఇట్టివానిని గూర్చి అర్థశాస్త్రమున లేదు, కిష్కింధాకాండమున కలదు.

సీతను వెదకుటకు సుగ్రీవుడు నాలుగు దిక్కులకు నాలుగు దండులను పంపెను. దక్షిణపు దండునకు అంగదుడు నాయకుడు. అతడు యువరాజు, పౌరుషవంతుడు, త్వరగ పొంగువాడు, త్వరగ క్రుంగువాడు. గడువు దాటిపోయినదని తెలియగానే ప్రాయోపవేశమునకు సిద్ధమై అందరిని ఏడిపించెను. సంపాతివలన సీత లంకలో నున్నదని తెలిసినది. నూరు యోజనముల సముద్రము అడ్డము నిలిచినది. అప్పుడు ఒక్కొక్కడును తన బలము తానే చెప్పుకొనెను. గజుడు పది యోజనములు దాటగలననెను, గవాక్షుడు ఇరువది యనెను. ఆ వరుసన పెరిగి పెరిగి జాంబవంతునియొద్ద తొంబదికి వచ్చినది. వామనుడు త్రివిక్రముడై పెరిగిననాడు ప్రదక్షిణము చేసిన కాళ్లవి. ముదిమిచేత నూటికి పది తక్కువైనవని దాచక చెప్పెను. అంగదుడు నూరును దాటెదను గాని తిరిగివచ్చుట సందేహమనెను.

ఈ చోట జాంబవంతుడు చేసిన పని యేమి? నీవు దాటలేవని యువరాజును చిన్నబుచ్చలేదు. నీకు శక్తి లేక కాదు; పంపవలసినవాడవు నీవు, పోవలసినవాడవు కావు, మాకు వేరువంటి నిన్ను మేము కాపాడుకొనవలెను అనెను. ఉత్సాహము చల్లారకుండ తగని పనినుండి తప్పించుట ఎంత కష్టమో సంఘములు నడపినవారు ఎరుగుదురు. పిదప, ఇందరు ఇన్ని లెక్కలు చెప్పుచుండగ ఒక మూల ఒంటరిగ మౌనముగ కూర్చున్న హనుమంతుని యొద్దకు నడచిపోయెను. రమ్మని కేకవేయలేదు, తానే పోయెను. నీవేల మాటాడవని అడిగి, అతని పుట్టుక చెప్పెను, బాల్యమున సూర్యుని పండని యెంచి యెగిరిన కథ చెప్పెను, నీవు లేచినగాని ఇందరి ప్రాణములు దక్కవని చెప్పెను. తాను తొంబది యోజనములే దాటగలవాడు నూరు దాటగలవానిని గుర్తించెను. దాటు బలము తగ్గినను చూపు బలము తగ్గలేదు; ఆ దండున ఆ చూపు మరియొకనికి లేదు.

హనుమంతుడు పెరిగి మహేంద్రగిరి యెక్కెను. పది యోజనముల గజుడును, ఇరువది యోజనముల గవాక్షుడును, తక్కినవారును తీరముననే నిలిచిరి. నీవు తిరిగివచ్చువరకు మేమందరము ఒంటికాలిపై నిలిచియుందుమని వారు అతనితో చెప్పి పంపిరి.